కారు కింద తుప్పు: సముద్రం దగ్గర ఉండేవాళ్లు బండిని ఎక్కువ కాలం నిలబెట్టుకోవడం ఎలా

ఒకే మోడల్, ఒకే ఏడాది కొన్న రెండు కార్లు. ఒకటి విశాఖలో బీచ్ రోడ్డు పక్క వీధుల్లో తిరిగింది, రెండోది కూకట్‌పల్లిలో. ఎనిమిదేళ్ల తర్వాత పక్కపక్కన నిలబెడితే పైనుంచి పెద్ద తేడా కనిపించదు. లిఫ్ట్ ఎక్కించి కింద లైటు వేస్తే కథ వేరు. కూకట్‌పల్లి కారుకి సైలెన్సర్ మీదా, బోల్టుల మీదా మామూలు గోధుమరంగు తుప్పు ఉంటుంది, అంతే. విశాఖ కారుకి సబ్‌ఫ్రేమ్ (ఇంజన్, సస్పెన్షన్ బిగించే ఇనుప చట్రం) అంచులు పొరలు పొరలుగా లేచి, రన్నింగ్ బోర్డు (తలుపుల కింద పొడవునా ఉండే రేకు దిమ్మె) కింది అతుకు ఉబ్బి ఉండొచ్చు.

ఇనుముకి తుప్పు పట్టాలంటే గాలీ తడీ రెండూ కావాలి. ఆ తడిలో ఉప్పు కలిస్తే అది కరెంటుని బాగా మోసే ద్రవమవుతుంది, తుప్పు పని వేగంగా సాగుతుంది. ఉప్పుకి ఇంకో గుణం ఉంది. గాల్లో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమని లాక్కుని తనంతట తానే కరిగిపోతుంది. మన తీరంలో చాలా రాత్రులు తేమ అంతకంటే ఎక్కువే. అంటే వాన పడకపోయినా, చుక్క నీళ్లు తగలకపోయినా, ఉప్పు పేరుకున్న చోట ఇనుము తెల్లారేదాకా తడిగానే ఉంటుంది.

ఉప్పు సముద్రపు గాలి నుంచే రానక్కర్లేదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు తిరిగేవాళ్లకి చేపల లారీల నుంచి రోడ్డు మీదికి కారే నీళ్లు ఎలా ఉంటాయో తెలుసు. నౌపడ, చినగంజాం లాంటి ఉప్పు మడుల దారుల సంగతి చెప్పనక్కర్లేదు. ఎవరూ అంతగా పట్టించుకోనిది ఇంకోటుంది: తీరం ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లు. ఆ నీళ్లతో వారం వారం శ్రద్ధగా కారు కడిగితే వారం వారం శ్రద్ధగా ఉప్పు పూసినట్టే.

అండర్‌బాడీ కోటింగ్, అంటే తుప్పు పట్టకుండా కారు అడుగున వేసే పూత, అనగానే అందరూ ఏ డబ్బా మంచిదని అడుగుతారు. నా లెక్కలో అది మూడో ప్రశ్న. నీళ్లు ఎక్కడ నిలబడుతున్నాయన్నది మొదటిది, ఉన్న ఉప్పూ మట్టీ ఎలా వదిలించాలన్నది రెండోది. ఆ రెండూ తేల్చకుండా పూసిన పూత కింద తుప్పు హాయిగా పెరుగుతుంది, పైగా కంటికి కనపడదు.

ముందు కింద ఏముందో చూడండి

సులువైన మార్గం మెకానిక్ షెడ్డులో లిఫ్ట్ మీద ఎక్కించమని అడగడం. ఆయిల్ మార్పించే రోజున అడిగితే ఎవరూ కాదనరు. ఇంట్లోనే చేసుకుంటామంటే జాకీతో లేపి, కంపెనీ పుస్తకంలో చూపిన చోట్ల జాకీ స్టాండ్లు పెట్టి, గట్టి సిమెంటు నేల మీద మాత్రమే. కింద ఉన్న చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి ఒక్క నిమిషానికైనా దూరకండి.

మంచి టార్చి, ఒక పాత స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, ఫోను కెమెరా చాలు. వరసగా చూడాల్సినవి: నాలుగు వీల్ ఆర్చ్‌ల (చక్రాల మీది వంపు రేకుల) లోపలి పెదవి, రన్నింగ్ బోర్డు కింద రెండు రేకులు కలిసే అంచు, జాకీ పెట్టే చోట్లు, ముందు సబ్‌ఫ్రేమ్, వెనక యాక్సిల్ బీమ్, స్ప్రింగులు కూర్చునే గిన్నెలు, బ్రేకు పైపులు, పెట్రోలు ట్యాంకు పట్టీలు, డిక్కీ కింద స్పేర్ టైరు గుంత. ప్రతిదీ ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చే ఏడాది పోల్చుకోవడానికి అంతకంటే మంచి రికార్డు లేదు.

తుప్పు కనపడిన చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. టంగుమని మోగితే రేకు గట్టిగా ఉన్నట్టు. మొద్దుగా వినిపిస్తే, లేదా మొనతో నొక్కితే లోపలికి దిగితే, అది పూతతో పోయేది కాదు, వెల్డింగ్ పని. గోధుమరంగు పొడిలా అంటుకునే పైతుప్పుకి మాత్రం భయపడక్కర్లేదు. బ్రేకు పైపుల విషయంలో ఒక్క మాట: వాటిని గీకకండి, పొడవకండి. పొక్కులు లేచి, గుంటలు పడి కనిపిస్తే నేరుగా మార్పించడమే.

కడగడమే సగం పని

వాటర్ సర్వీసింగ్‌లో కింద ప్రెషర్‌తో కొట్టించడం మామూలే. కానీ అక్కడ నేరుగా కనిపించే మట్టే పోతుంది. తుప్పుకి ఇల్లు చక్రాల దగ్గరి ప్లాస్టిక్ లైనర్ల వెనక ఉంటుంది. ముందు చక్రం వెనక, లైనర్‌కీ రేకుకీ మధ్య ఎండుటాకులు, మట్టి, ఇసుక ముద్దగా చేరి నెలల తరబడి తడి పట్టుకుని ఉంటాయి. నాలుగైదు స్క్రూలు, కొన్ని క్లిప్పులు తీస్తే లైనర్ ఊడి వస్తుంది. క్లిప్పులు విరగడం ఖాయం కాబట్టి ముందే కొన్ని కొని పెట్టుకోండి. మొదటిసారి ఆ లైనర్ తీసి చూసినవాళ్లు లోపలి నుంచి రాలే మట్టిని చూసి నోరు తెరుస్తారు.

మట్టిని ముందు చేత్తో, ప్లాస్టిక్ గరిటతో తీసేసి, ఆ తర్వాత నీళ్లు. గ్రీజు, ఆయిల్ మరకలుంటే డీగ్రీజర్ కొట్టి, బ్రష్ చేసి, బాగా కడగాలి. ప్రెషర్ గన్‌ని డ్రైవ్‌షాఫ్ట్ రబ్బరు బూట్ల మీద, వైర్ల కనెక్టర్ల మీద దగ్గరగా పెట్టకండి. ఆఖరి కడుగు మాత్రం మంచి నీళ్లతో, అంటే మున్సిపల్ కుళాయి నీళ్లో, పట్టిపెట్టిన వాన నీళ్లో. మీ బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయంటే కారుకీ ఉప్పే.

మామూలు రోజుల్లో ఇంత అక్కర్లేదు. గడ్డికి నీళ్లు చిమ్మే చిన్న స్ప్రింక్లర్‌ని పైపుకి తగిలించి కారు కింద పెట్టి, పది పదిహేను నిమిషాలు వదిలి, ముందుకీ వెనక్కీ జరిపితే చాలు. తీరంలో ఉండేవాళ్లు రెండు వారాలకి ఒకసారి ఇది చేస్తే ఖరీదైన కోటింగ్ కంటే ఎక్కువ లాభం. సూర్యలంకకో మంగినపూడికో వెళ్లి ఇసుక మీదికి కారు దింపితే మాత్రం అదే రోజు కడగాలి. ఆదివారం బీచ్‌కి వెళ్లి వచ్చే ఆదివారం కడుగుతామంటే ఆ వారమంతా ఉప్పు పని చేసుకుపోతూనే ఉంటుంది.

డీజిల్ వాష్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని సర్వీసింగ్ సెంటర్లలో కడిగాక కింద డీజిలో, వాడేసిన ఇంజన్ ఆయిలో కొట్టి నిగనిగలాడిస్తారు. వద్దని చెప్పండి. డీజిల్, ఆయిల్ తగిలితే సస్పెన్షన్ బుష్‌ల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. దుమ్ము అంటుకుంటుంది. వాడేసిన ఆయిల్లో ఆమ్లాలూ లోహపు పొడీ ఉంటాయి. కొన్నాళ్లకి వానకి అదంతా రోడ్డు మీదికీ, కాలవలోకీ పోతుంది.

నీళ్లు బయటికి పోయే దారులు

రన్నింగ్ బోర్డు బయటికి గట్టి దిమ్మెలా కనిపిస్తుంది గానీ లోపల డొల్ల. తలుపులూ అంతే. అద్దం పక్క రబ్బరు గుండా వాన నీళ్లు తలుపులోకి దిగడం మామూలే, అడుగున ఉన్న సన్నటి కంతల్లోంచి బయటికి పోవాలి. ఆ కంతలు మట్టితో మూసుకుపోతే నీళ్లు లోపలే నిలబడి, రేకు లోపలి నుంచి తింటూ వస్తాయి. బయట రంగు మీద పొక్కు లేచేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. తలుపు తీసినప్పుడు లోపల గలగలమని నీళ్ల చప్పుడు వినిపిస్తే వెంటనే ఈ కంతలు చూడండి.

ప్రతి తలుపు అడుగు అంచూ, రన్నింగ్ బోర్డు అడుగూ వేలితో తడుముతూ పోతే కంతలు దొరుకుతాయి. సైకిల్ స్పోకు లాంటి మొద్దు తీగతో, లేదా కేబుల్ టైతో శుభ్రం చేయండి. విండ్‌షీల్డ్ కింద వైపర్ల దగ్గరుండే గుంత కూడా చూడాలి. వేప చెట్టు, చింత చెట్టు కింద కారు పెట్టేవాళ్లకి ఆ సన్నటి ఆకులు అక్కడ చేరి, నీళ్లు పోయే దారి మూసుకుని, లోపలికి కారుతుంది. సన్‌రూఫ్ ఉన్న కార్లకి దాని మూలల్లోని పైపులు కూడా ఈ జాబితాలోకి వస్తాయి.

కోటింగ్ కొట్టించి ఇంటికి తెచ్చుకున్నాక మొదట చేయాల్సింది కూడా ఈ కంతలు చూడటమే. తొందర పనిలో నల్లటి పూతతో వాటిని మూసేస్తారు. అలా మూసిన కారు ఏ కోటింగూ లేని కారు కంటే ముందు పోతుంది.

ఉన్న తుప్పుని ఏం చేయాలి

పని పెట్టుకోవడానికి కోస్తాలో మంచి కాలం ఫిబ్రవరి, మార్చి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉండే ఈశాన్య రుతుపవనాల తడి పోయి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. కడిగాక కారుని కాసేపు తిప్పి, ఎండలో పెట్టి, అతుకుల్లో కంప్రెసర్ గాలి కొట్టి, కనీసం ఒక పూర్తి రోజు ఆరనివ్వాలి. రెండు రోజులైతే ఇంకా మంచిది. తొందరపడి తడి మీద పూసేదానికంటే అసలు పూయకపోవడం నయం.

వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో వదులుగా ఉన్న తుప్పంతా రాలగొట్టాలి. 80 నంబరుతో మొదలుపెట్టి 180తో ముగిస్తే చాలు. గ్రైండర్ వాడితే పలచటి రేకు ఇంకా పలచబడుతుంది, నిప్పురవ్వలు రేగుతాయి. పెట్రోలు ట్యాంకు, పైపుల దగ్గర, సీఎన్‌జీ కార్లలో అయితే అసలే, ఆ పని వద్దు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. మీరు పైకి చూస్తూ పని చేస్తుంటే తుప్పు పొడి నేరుగా కంట్లోకే రాలుతుంది.

గుంటల్లో మిగిలిన గట్టి తుప్పుకి రస్ట్ కన్వర్టర్ పనికొస్తుంది. వీటిల్లో టానిక్ ఆమ్లం గానీ, ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ, రెండూ కలిపి గానీ ఉంటాయి. టానిక్ ఆమ్లం ఎర్రటి తుప్పుని నల్లటి స్థిరమైన పొరగా మారుస్తుంది. మాయ మందేమీ కాదు. వదులు తుప్పు మీద పూస్తే ఆ తుప్పుతో పాటే ఊడిపోతుంది, శుభ్రమైన ఇనుము మీద దానికి మార్చడానికి ఏమీ ఉండదు. పూశాక డబ్బా మీద రాసినంత సేపు ఆగి, పైన ప్రైమర్ వేయాలి. కన్వర్టర్ వేసి వదిలేస్తే వానకి మళ్లీ మొదటికొస్తుంది.

ప్రైమర్ అంటే మన హార్డ్‌వేర్ షాపుల్లో రెడ్ ఆక్సైడ్ చేతిలో పెడతారు. గేట్లకీ గ్రిల్స్‌కీ అది చాలు. కారు అడుగుకి రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ మేలు, ఇనుముని గట్టిగా పట్టుకుంటుంది, తడిని బాగా ఆపుతుంది. డెంటింగ్, పెయింటింగ్ షెడ్డువాళ్లకి రంగులమ్మే షాపులో దొరుకుతుంది. కలిపాక కొన్ని గంటల్లో గట్టిపడుతుంది కాబట్టి కావలసినంతే కలపండి.

ఏ పూత ఎక్కడ

నల్లటి రబ్బరైజ్డ్ లేదా తారు రకం పూత షోరూముల్లో ఎక్కువగా కొట్టేది. మందంగా ఉంటుంది, కంకర దెబ్బలు కాస్తుంది, రోడ్డు చప్పుడు కొంత తగ్గుతుంది. శుభ్రమైన, గట్టి రేకు మీద అయితే బాగానే ఉంటుంది. ఏళ్లు గడిచి ఎండి చిట్లితే ఆ పగులులోంచి నీళ్లు దూరి, పూతకీ రేకుకీ మధ్య నిలబడతాయి. తుప్పు ఉన్న పాత కారు మీద నేరుగా ఇది కొట్టించడం అన్నిటికంటే చెడ్డ పని. పాత కారు కొనేటప్పుడు కింద కొత్తగా నల్లగా మెరుస్తుంటే నేనైతే సంతోషించను, అనుమానిస్తాను.

మైనం రకం పూత పూర్తిగా గట్టిపడదు. అతుకుల్లోకి తనే పాకుతుంది, చిన్న గీత పడితే కొంతవరకు తనే సర్దుకుంటుంది. లేత పసుపు రంగులో సగం పారదర్శకంగా ఉండే రకాల్లో కింద ఏం జరుగుతోందో కనిపిస్తుంది కూడా. చక్రాల దగ్గర నీళ్ల ధాటికి కొట్టుకుపోవడం, ఎండాకాలంలో కొద్దిగా కారడం దీని లోపాలు. ఏటా ఒకసారి చూసి, పోయిన చోట మళ్లీ కొట్టాలి. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ రకాలు ఇంకా పలచన, ఇంకా బాగా పాకుతాయి, కాకపోతే ఏటా మొత్తం మళ్లీ వేయాల్సిందే. కొన్నాళ్లు వాసన ఉంటుంది.

తీరంలోని కారుకి నేను ఎంచుకునేది ఈ రెండూ కలిపి: వీల్ ఆర్చ్‌లకీ, రాళ్లు తగిలే బయటి భాగాలకీ ఎపాక్సీ ప్రైమర్ మీద రబ్బరైజ్డ్ పూత, సబ్‌ఫ్రేమ్, అతుకులు, డొల్ల భాగాల లోపల మైనం. రెండిట్లో ఒక్కదానికే డబ్బుందంటే డొల్ల భాగాల్లో మైనమే.

కొత్త కారు డెలివరీ రోజున అండర్‌బాడీ కోటింగ్ ప్యాకేజీ అమ్మజూపుతారు కదా, దాని సంగతి. ఇప్పటి కార్ల బాడీని ఫ్యాక్టరీలోనే ప్రైమర్ తొట్టిలో ముంచి కరెంటుతో పూత ఎక్కిస్తారు, అతుకులకి సీలెంట్ వేస్తారు. కాబట్టి కారు వట్టి ఇనుముతో రాదు. హైదరాబాద్, కర్నూలు, నిజామాబాద్ లాంటి చోట్ల ఉండేవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు, అప్పుడప్పుడూ కింద కడిగించుకుంటే చాలు. తీరంవాళ్లు మాత్రం రెండు ప్రశ్నలు అడగండి: లైనర్లు తీసి కొడతారా, డొల్ల భాగాల లోపల కొడతారా? రెండిటికీ ‘కొట్టం’ అనే జవాబు వస్తే ఆ ప్యాకేజీ వద్దు. లోపలికి కొట్టడానికి రేకుకి కొత్తగా కంతలు పొడుస్తామంటే వారంటీ ఏమవుతుందో రాతపూర్వకంగా అడగండి.

పూయడం

కొట్టకూడని చోట్లని ముందు పాత న్యూస్‌పేపరు, మాస్కింగ్ టేపుతో కప్పండి. సైలెన్సర్, దాని పైపు మొత్తం (వేడికి పొగ వస్తుంది, మంట కూడా రావచ్చు), బ్రేకు డిస్కులు, కాలిపర్లు, డ్రమ్ములు, హ్యాండ్‌బ్రేకు కేబుల్ కదిలే చోట్లు, రబ్బరు బూట్లు, బుష్‌లు, సెన్సర్లు, కనెక్టర్లు, గేర్‌బాక్సు గాలి పైపు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు. సీఎన్‌జీ పైపుల జాయింట్లు కప్పితే లీకు కనిపెట్టడం కష్టం. ఛాసిస్ నంబరు కొట్టిన చోటు తప్పకుండా వదిలేయాలి, రేపు ఆర్‌టీవో ఆఫీసులో చదవాల్సింది అదే. ఎలక్ట్రిక్ కారుకి బ్యాటరీ పెట్టె, నారింజ రంగు కేబుళ్ల జోలికి పోవద్దు. కంపెనీ సర్వీసు సెంటర్‌ని అడగకుండా ఏ పూతా వేయకండి.

డబ్బాని 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక మందపాటి పొర బదులు రెండు పలచటి పొరలు వేయండి. చల్లటి ఉదయం మైనం గట్టిగా ఉంటే డబ్బాని గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టాలి, స్టవ్ దగ్గరికి తీసుకెళ్లకూడదు.

డొల్ల భాగాలకి పొడవాటి సన్నటి గొట్టం, చివర చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న కిట్ కావాలి. రన్నింగ్ బోర్డుకి ఫ్యాక్టరీలో పెట్టిన రబ్బరు మూతలు ఉంటాయి, అవి ఊడదీసి గొట్టాన్ని చివరిదాకా తోసి, నొక్కుతూ మెల్లగా వెనక్కి లాగాలి. రెండోసారి అటువైపు నుంచి. కింది కంతల్లోంచి మైనం చుక్కలుగా కారిందంటే లోపల అడుగుదాకా చేరినట్టు. నేల మీద అట్టముక్కలు పరచకపోతే ఇంట్లో గొడవ తప్పదు. తలుపుల అడుగు, డిక్కీ తలుపు అంచు, బానెట్ అంచు మడతలు కూడా ఇలాగే. కారడం ఆగాక ప్రతి కంతలోనూ మళ్లీ తీగ పెట్టి చూసి, రబ్బరు మూతలు బిగించండి.

పైనుంచి, లోపల నుంచి వచ్చే తుప్పు

ఫ్లోరు చిల్లు పడిన చాలా కార్లలో దోషం రోడ్డుది కాదు, కార్పెట్‌ది. ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మూసుకుపోతే ఆ నీళ్లు ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ కిందికి దిగుతాయి. పైన చేత్తో తడిమితే పొడిగానే ఉంటుంది, కింద ఉన్న మందపాటి ఫెల్టు మాత్రం నీళ్లు పీల్చుకుని నెలల తరబడి రేకుకి అంటుకుని ఉంటుంది. ఏసీ వేసి అరగంట నడిపాక కారు కింద నీళ్ల మడుగు కనిపించాలి. కనపడకపోతే, లేదా కారులో ముక్కవాసన వస్తుంటే, కార్పెట్ అంచు లేపి చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన కార్లకి ఇంజన్, వైరింగ్ బాగుచేయించి సరిపెట్టుకున్నవాళ్లు అడుగు సంగతి ఇప్పటికైనా చూడాలి. వరద నీళ్లతో వచ్చిన ఒండ్రు రన్నింగ్ బోర్డుల లోపల చేరి ఉంటుంది. సీట్లూ కార్పెట్లూ పూర్తిగా తీసి, ఫెల్టు పారేసి కొత్తది వేసి, డొల్లల్లో పైపు పెట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఆరబెట్టి, మైనం కొట్టించాలి.

సైలెన్సర్‌కి బయట ఏం పూసినా లాభం తక్కువ, అది లోపలి నుంచే పోతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. రోజూ రెండు కిలోమీటర్లు నడిపి ఆపేస్తే సైలెన్సర్ వేడెక్కదు, ఆ నీళ్లు అందులోనే చేరతాయి. వారానికోసారి అరగంట ఆగకుండా హైవే మీద నడపడమే దానికి మందు.

మంచు దేశాల్లో ఉన్నవాళ్లకి

షికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ వైపు ఉన్న మనవాళ్లకి సమస్య సముద్రం కాదు, చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు. కొన్నిచోట్ల కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన ద్రావణం కొడతారు, అది తొందరగా ఆరదు. అక్కడ ఆయిల్ లేదా మైనం రకం పూత సెప్టెంబరు, అక్టోబరులోనే వేయించుకోవాలి. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ పైకి వచ్చిన రోజు చూసి కింద కడిగే కార్‌వాష్‌కి వెళ్లాలి. ఉప్పు అంటిన కారుని కడగకుండా వెచ్చటి గరాజ్‌లో పెడితే బయట చలిలో ఉన్నదానికంటే ఎక్కువ తుప్పు పడుతుంది.

పూతతో పోనప్పుడు

మన దగ్గర ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి. ఆపైన రెన్యువల్ కావాలంటే బండి పరీక్షలో నెగ్గాలి, ఆ రెన్యువల్ ఐదేళ్లకి. పన్నెండో, పదమూడో ఏట లిఫ్ట్ ఎక్కించి సస్పెన్షన్ బిగించే చోట్లు, సీటు బెల్టు బోల్టులు దిగే చోట్లు, సబ్‌ఫ్రేమ్, జాకీ పాయింట్లు ఒక్కసారి నిజాయితీగా చూసే మెకానిక్‌తో చూపించండి. ఈ నాలుగింట్లో ఎక్కడ చిల్లు పడినా ముందు వెల్డింగ్, ఆ తర్వాతే పూత. రెండు మూడు చోట్ల పడితే ఖర్చు లెక్క వేసుకుని బండి వదిలించుకోవడం మేలు.

వెల్డింగ్ అంటే కుళ్లిన రేకు మొత్తం కోసి, మంచి ఇనుము తగిలేదాకా వెళ్లి, అదే మందం కొత్త రేకు అతకడం. పైన ఫైబర్, పుట్టీ పెట్టి రంగు కొట్టడం కాదు. పనివాడు పుట్టీ డబ్బా తీసే ముందే వెళ్లి చూడండి, అతుకు ఫొటో తీసుకోండి. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు తీయించండి, ఆ వైపు కార్పెట్ లేపించండి. పని అయ్యాక, వెల్డింగ్ వేడికి రేకు వెనక వైపున్న పాత పూతంతా కాలిపోయి ఉంటుంది. బయట ప్రైమర్, రంగు వేయించి డబ్బులిచ్చి వచ్చేస్తారు చాలామంది. చల్లారాక లోపలి వైపు గొట్టం పెట్టి మైనం కొట్టించకపోతే ఆ ప్యాచ్ రెండు వానాకాలాలకే అంచుల్లో మళ్లీ ఎర్రబడుతుంది.